టెరాఫ్లాప్స్ చూసి గ్రాఫిక్స్ కార్డు కొనొద్దు

కోల్‌కతాలో చాందినీ చౌక్ మెట్రో స్టేషన్ మెట్లెక్కి పైకి వస్తే చుట్టూ కంప్యూటర్ విడిభాగాల దుకాణాలే. గ్రాఫిక్స్ కార్డు కోసం అక్కడికి వచ్చేవాళ్లలో వీడియో గేములు ఆడే కుర్రాళ్లు ఉంటారు. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లు, కృత్రిమ మేధ ప్రాజెక్టు చేయాల్సిన ఇంజినీరింగ్ విద్యార్థులు, సిమ్యులేషన్ల కోసం సొంత కంప్యూటర్ కూర్చుకునే పరిశోధక విద్యార్థులూ ఉంటారు. అవసరాలు నాలుగు రకాలు. ప్రశ్న మాత్రం ఒకటే: "ఈ రెండింట్లో ఏది మంచిది?"

చాలాసార్లు వచ్చే జవాబు కూడా ఒకటే. కొత్త తరానిది తీసుకో, లేదా టెరాఫ్లాప్స్ ఎక్కువున్నది తీసుకో. ఈ సలహా కొందరికి సరిపోతుంది, కొందరిని నిండా ముంచుతుంది. జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్ 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. మధ్యస్థాయి గ్రాఫిక్స్ కార్డు ఒకటి కొంటే అందులో చాలా భాగం ఖర్చవుతుంది, మళ్లీ మూడు నాలుగేళ్లదాకా మార్చే వీలుండదు. కళాశాల ల్యాబ్‌కు ఇరవై కార్డులు ఒకేసారి కొనేచోట ఆ తప్పు ఇరవై రెట్లు. అందుకే స్పెసిఫికేషన్ల కాగితం ఎలా చదవాలో తెలియడం ఇప్పుడు సైన్సు విద్యార్థికి పరికరం వాడడం తెలిసినంత అవసరం.

రెండు కార్డులు, రెండు కాగితాలు

ఈ విషయం అర్థం కావడానికి ఎన్విడియా సంస్థ తెచ్చిన రెండు కార్డులు చక్కటి ఉదాహరణ. మొదటిది 2021 ఫిబ్రవరిలో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3060. రెండోది 2023 జూన్‌లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4060. విడుదలైనప్పుడు అమెరికాలో మొదటిదాని ధర 329 డాలర్లు, రెండోదాని ధర 299 డాలర్లు. అంటే ఒకే తరగతి వినియోగదారుడి కోసం చేసిన అన్నదమ్ముల్లాంటి కార్డులివి.

3060లో 3,584 కోర్లు ఉన్నాయి, 4060లో 3,072. అయితే కొత్త కార్డు క్లాక్ వేగం ఎక్కువ. పాతదానిలో ఒక్కో కోరు సెకనుకు 177.7 కోట్లసార్లు కొట్టుకుంటే కొత్తదానిలో 246 కోట్లసార్లు కొట్టుకుంటుంది. ప్రతిసారీ ఒక గుణకారం, ఒక కూడిక కలిపి రెండు లెక్కలు చేయగలదనుకుంటే, 3060 గరిష్ఠ సామర్థ్యం సుమారు 12.7 టెరాఫ్లాప్స్, 4060ది 15.1 టెరాఫ్లాప్స్. ఒక టెరాఫ్లాప్స్ అంటే సెకనుకు లక్ష కోట్ల లెక్కలు. ఇక్కడిదాకా చూస్తే కొత్త కార్డు దాదాపు 19 శాతం ముందుంది.

కాగితం కింది భాగానికి వస్తే కథ తిరగబడుతుంది. 3060లో 12 గిగాబైట్ల మెమరీ ఉంది, 4060లో 8 గిగాబైట్లే. ఆ మెమరీకి, చిప్‌కు మధ్య దారి పాతదానిలో 192 బిట్ల వెడల్పు, కొత్తదానిలో 128 బిట్లు. ఆ దారిలో సెకనుకు 3060 సుమారు 360 గిగాబైట్ల సమాచారాన్ని తేగలదు, 4060 తేగలిగేది 272 గిగాబైట్లే. రెండేళ్ల తర్వాత వచ్చిన తమ్ముడు ఈ విషయంలో అన్నకంటే నాలుగో వంతు వెనకబడి ఉన్నాడు.

వంటవాళ్లు, కొట్టుగది దారి

పెళ్లి వంటశాలను ఊహించుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. గాడిపొయ్యి దగ్గర పదిహేనుమంది చేయి తిరిగిన వంటవాళ్లు నిలబడి ఉన్నారు. బియ్యం, పప్పు, కూరగాయలు మాత్రం కొట్టుగదిలో ఉన్నాయి. కొట్టుగది నుంచి పొయ్యి దగ్గరికి వచ్చే దారి ఇరుకు. అప్పుడు వంట ఎంత త్వరగా అవుతుందన్నది వంటవాళ్ల సంఖ్య మీద ఆధారపడదు, దారిలో ఎంత సరుకు వస్తుందన్నదాని మీద ఆధారపడుతుంది. ఇంకా ఇద్దరు వంటవాళ్లను పెట్టినా వాళ్లూ చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.

టెరాఫ్లాప్స్ వంటవాళ్ల చేతి వేగం. బ్యాండ్‌విడ్త్ దారి వెడల్పు. మెమరీ పరిమాణం కొట్టుగది వైశాల్యం. ఈ మూడూ మూడు వేర్వేరు విషయాలు. ఒకటి ఎక్కువైనంతమాత్రాన ఇంకొకటి తీరదు.

4060 తయారీదారులు ఈ లోపాన్ని గమనించకుండా లేరు. పొయ్యి పక్కనే ఒక పెద్ద బల్ల వేశారు. దాన్ని క్యాష్ మెమరీ అంటారు. తరచు కావలసిన సమాచారాన్ని చిప్‌లోనే అట్టిపెట్టుకునే చోటు అది. 3060లో ఇది 3 మెగాబైట్లు, 4060లో 24 మెగాబైట్లు. పని ఆ బల్ల మీద సరిపోయినంతవరకు కొట్టుగదికి వెళ్లే అవసరమే తక్కువ. 1920 × 1080 చుక్కల తెర మీద ఒక చిత్రానికి, చుక్కకు 4 బైట్ల చొప్పున, సుమారు 8.3 మెగాబైట్లు కావాలి. అది 24 మెగాబైట్లలో హాయిగా ఇముడుతుంది. అదే నాలుగు రెట్లు చుక్కలున్న 4కే తెర చిత్రానికి 33 మెగాబైట్లు కావాలి. అది ఇమడదు. ఆటలో ఒక చిత్రాన్ని గీయడానికి ఇలాంటి పొరలు చాలా వాడతారు కాబట్టి అసలు లెక్క ఇంత సూటిగా ఉండదు గాని, ఈ కార్డు మామూలు తెర మీద చురుగ్గా ఉండి పెద్ద తెర మీద ఎందుకు నీరసపడుతుందో దీన్ని బట్టి తెలుస్తుంది.

దారిని ఇరుకు చేయడానికి ఇంజినీరింగ్ కారణమూ ఉంది. 3060 చిప్ 276 చదరపు మిల్లీమీటర్లు, అందులో 1,200 కోట్ల ట్రాన్సిస్టర్లు. 4060 చిప్ 159 చదరపు మిల్లీమీటర్లే, అందులో 1,890 కోట్ల ట్రాన్సిస్టర్లు. లెక్కలు చేసే సర్క్యూట్లు తరం తరానికీ బాగా కుదించుకుపోతున్నాయి. చిప్ అంచుల్లో ఉండి బయటి మెమరీతో మాట్లాడే సర్క్యూట్లు అంతగా కుదించుకుపోవడం లేదు. చిన్న చిప్‌కు అంచు తక్కువ, అంచు తక్కువైతే దారికి చోటూ తక్కువే.

కాగితం మీద లెక్క వేస్తే

ఏ పనికి ఏది అడ్డుపడుతుందో ముందే అంచనా వేసే పద్ధతి ఒకటుంది. 2009లో శామ్యూల్ విలియమ్స్, ఆండ్రూ వాటర్‌మన్, డేవిడ్ ప్యాటర్సన్ ప్రతిపాదించిన దీన్ని రూఫ్‌లైన్ నమూనా అంటారు. అందులో అడిగే ప్రశ్న చిన్నది: మెమరీ నుంచి తెచ్చిన ఒక్కో బైటు మీద ప్రోగ్రాము ఎన్ని లెక్కలు చేస్తుంది?

3060 పూర్తి వేగంతో పనిచేయాలంటే తెచ్చిన ప్రతి బైటు మీద కనీసం 35 లెక్కలు చేయాలి. 12.7 టెరాఫ్లాప్స్‌ను 360 గిగాబైట్లతో భాగిస్తే వచ్చేది అదే. 4060 అయితే 56 లెక్కలు చేయాలి. అంతకంటే తక్కువ లెక్కలు చేసే ప్రోగ్రాములో కోర్లు ఖాళీగా కూర్చుంటాయి.

ఇప్పుడు అతి మామూలు పని ఒకటి తీసుకుంటే సంగతి తేలిపోతుంది. కోట్లాది సంఖ్యలున్న రెండు పెద్ద జాబితాలను ఒకదానికొకటి కూడి మూడో జాబితాలో రాయాలి. ఒక్కో కూడికకు రెండు సంఖ్యలు తేవాలి, ఒకటి రాయాలి. సంఖ్యకు 4 బైట్ల చొప్పున 12 బైట్ల రవాణా. చేసే లెక్క ఒక్కటే. 3060 ఈ పనిని సెకనుకు గరిష్ఠంగా 3,000 కోట్లసార్లు చేయగలదు, 4060 సుమారు 2,270 కోట్లసార్లు. కాగితం మీద రాసిన టెరాఫ్లాప్స్‌లో ఇది పాత కార్డుకు 0.24 శాతం, కొత్త కార్డుకు 0.15 శాతం. కొత్త కార్డు ఈ పనిలో వెనకబడటం ఒక్కటే కాదు, రెండు కార్డులూ తమ గొప్పలో నాలుగు వందల వంతు కూడా చూపించలేకపోయాయి.

ఇది ఎక్కడో ఒకచోట ఎదురయ్యే వింత ఉదాహరణ అనుకోకూడదు. గాలి ప్రవాహాలు, వేడి వ్యాప్తి, నీటి ప్రవాహం వంటివాటిని గళ్లుగళ్లుగా విభజించి లెక్కించే సిమ్యులేషన్లు చాలా వరకు ఈ జాతివే. ఒక్కో గడి దగ్గర పక్క గళ్ల విలువలు తెచ్చి నాలుగైదు కూడికలు చేసి తిరిగి రాయడమే వాటి పని. ప్రతి వైపూ వంద గళ్లున్న చిన్న పెట్టెకు 4 మెగాబైట్లు చాలు, 4060 క్యాష్‌లో సరిపోతుంది, కొత్త కార్డే గెలుస్తుంది. ప్రతి వైపూ 512 గళ్లయితే ఒక్క రాశికే 537 మెగాబైట్లు. అప్పుడు పాత కార్డు ముందుకొస్తుంది. పని స్వభావం మారలేదు, పరిమాణం మారింది, అంతే. గెలుపోటములు తారుమారయ్యాయి.

కొట్టుగదిలో పట్టకపోతే

ఇప్పుడు చాలామందిని గ్రాఫిక్స్ కార్డుల వైపు లాగుతున్నది కృత్రిమ మేధ. 700 కోట్ల పారామీటర్లున్న భాషా నమూనాను ఇంట్లో నడపాలనుకుంటే, ఒక్కో పారామీటరుకు రెండు బైట్ల చొప్పున 14 గిగాబైట్లు కావాలి. అది ఈ రెండింటిలోనూ పట్టదు. పారామీటరుకు ఒక బైటుకు కుదిస్తే 7 గిగాబైట్లు. 12 గిగాబైట్ల కార్డులో ఇది కూర్చుని, సంభాషణను గుర్తుంచుకోవడానికీ చోటు మిగులుతుంది. 8 గిగాబైట్ల కార్డులో తెరకు కావలసింది పోగా ఊపిరాడదు.

ఇంకా కుదించి అర బైటుకు తెస్తే 3.5 గిగాబైట్లు, రెండింటిలోనూ పడుతుంది. అప్పుడూ బ్యాండ్‌విడ్తే వేగాన్ని నిర్ణయిస్తుంది. ఒక్కరి ప్రశ్నకు జవాబు రాసేటప్పుడు నమూనా ఒక్కో పదభాగాన్ని పుట్టించడానికి పారామీటర్లన్నిటినీ మెమరీ నుంచి ఒకసారి చదవాలి. 360ని 3.5తో భాగిస్తే సెకనుకు సుమారు 100 పదభాగాలు, 272ను భాగిస్తే సుమారు 78. ఇవి పై హద్దులు, నిజంగా వచ్చేది ఇంతకంటే తక్కువే. అయితే ఎవరు ముందుంటారన్నది ఈ లెక్కతోనే అర్థమవుతుంది. పొడవైన ప్రశ్నను ఒక్కసారిగా చదివి జీర్ణించుకునే దశలో మాత్రం లెక్కల పని ఎక్కువ, అక్కడ 4060కి మొగ్గు ఉంటుంది.

మెమరీ చాలనప్పుడు సమాచారం కంప్యూటర్ మామూలు ర్యామ్‌లోకి పొంగుతుంది. అక్కడినుంచి కార్డుకు వచ్చే దారి ఇంకా ఇరుకు. 3060కి మదర్‌బోర్డుతో 16 వరుసల అనుసంధానం ఉంది, 4060కి 8 వరుసలే. నాలుగో తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్ మీద ఇవి ఒక్కో దిశలో సెకనుకు సుమారు 32, 16 గిగాబైట్లు. మదర్‌బోర్డు మూడో తరానిదైతే ఈ రెండూ సగానికి పడిపోతాయి. అంటే ముందుగా మెమరీ చాలకపోయేదీ, చాలనప్పుడు ఎక్కువగా దెబ్బతినేదీ ఒకే కార్డు. పాత కంప్యూటర్‌లో కొత్త కార్డు పెట్టుకునేవాళ్లు ఇది తప్పక గుర్తుంచుకోవాలి.

కొత్త కార్డు న్యాయంగా గెలిచేచోటు

ఇంతా చెప్పి 4060 పనికిరాని సరుకని తేల్చేస్తే అదీ తప్పే. మామూలు తెర మీద గేములు ఆడేవాళ్లకు అది 3060 కంటే దాదాపు ఐదో వంతు వేగంగా చిత్రాలు గీస్తుంది. రెండు చిత్రాల మధ్య ఇంకొకటి ఊహించి చేర్చే ఫ్రేమ్ జనరేషన్ సౌకర్యమూ ఉంది. దానితో తెర మీద కదలిక నున్నగా కనిపిస్తుంది. అయితే అలా చేర్చిన చిత్రం ఆటగాడి మీట నొక్కుడుకు స్పందించదు. ప్రకటనల్లో ఫ్రేముల సంఖ్య చూసేటప్పుడు గీసినవెన్ని, ఊహించినవెన్ని అని విడదీసి చూడాలి. కృత్రిమ మేధలో వాడే 8 బిట్ల దశాంశ రూపాన్ని నేరుగా లెక్కించే సామర్థ్యమూ పాతదానికి లేదు, కొత్తదానికి ఉంది.

కొత్త కార్డు అసలైన ఘనత కరెంటులో కనిపిస్తుంది. 3060 గరిష్ఠంగా 170 వాట్లు తీసుకుంటే 4060కి 115 వాట్లు చాలు. ఒక్కో వాటుకు పాతది 75 గిగాఫ్లాప్స్ ఇస్తే కొత్తది 131 ఇస్తుంది. రోజుకు 8 గంటల చొప్పున నెలలో 25 రోజులు పూర్తి భారంతో నడిపితే తేడా 11 యూనిట్లు. యూనిట్‌కు 8 రూపాయలుగా లెక్కిస్తే 88 రూపాయలు. రాత్రింబవళ్లు నెలంతా శిక్షణ నడిపితే తేడా దాదాపు 40 యూనిట్లు, 320 రూపాయలు.

కార్డు తీసుకున్న కరెంటంతా చివరికి గదిలో వేడిగానే తేలుతుంది. ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచి దాదాపు 100 వాట్ల వేడి వస్తుంది. మే నెల కోల్‌కతా ఉక్కపోతలో, ఏసీ లేని హాస్టల్ గదిలో 170 వాట్ల కార్డు నడపడమంటే ఇంకో ఒకటిన్నర మనిషిని ఆ గదిలో కూర్చోబెట్టినట్టే. గదిలో వేడి పెరిగితే ఫ్యాన్ల మోత పెరుగుతుంది, చల్లార్చే ఏర్పాటు చాలకపోతే కార్డు తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. చల్లటి ప్రయోగశాలలో కొలిచిన అంకెలు ఇక్కడ యథాతథంగా రావు.

ఇక్కడా ఒక మెలిక ఉంది. లెక్కలే అడ్డుపడే పనిలో 4060 ఒకే పనికి 43 శాతం తక్కువ కరెంటు వాడుతుంది. బ్యాండ్‌విడ్త్ అడ్డుపడే పనిలో అది ఒకటింబావు రెట్లకు పైగా సమయం తీసుకుంటుంది కాబట్టి, రెండూ గరిష్ఠ కరెంటే తీసుకుంటాయనుకుంటే, ఆదా సుమారు 10 శాతానికి పడిపోతుంది.

రెండూ ఓడిపోయేచోటు

భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం చేసేవాళ్లకు ఇంకో ముఖ్యమైన వరుస ఉంది. అది ఈ కాగితాల మీద తరచు కనిపించదు. మామూలు దశాంశ సంఖ్య ఏడు అంకెల ఖచ్చితత్వం ఇస్తుంది. డబుల్ ప్రెసిషన్ సంఖ్య పదిహేను పదహారు అంకెలు ఇస్తుంది. కోట్ల మెట్లు నడిచే లెక్కల్లో చిన్న పొరపాట్లు పేరుకుంటాయి కాబట్టి కొన్ని సమస్యలకు రెండోది తప్పనిసరి. గేముల కార్డుల్లో ఈ లెక్కల వేగం మామూలుదానిలో 64వ వంతు. 3060కి 0.2 టెరాఫ్లాప్స్, 4060కి 0.24. 2017లో వచ్చిన, సూపర్ కంప్యూటర్లలో వాడే వీ100 కార్డు ఇదే పనిలో 7 టెరాఫ్లాప్స్ ఇస్తుంది. అంటే దాదాపు 30 రెట్లు.

ఇలాంటి అవసరం ఉన్న విద్యార్థి చాందినీ చౌక్‌లో ఏ కార్డు కొన్నా ఉపయోగం తక్కువ. అతని దారి సాల్ట్ లేక్ వైపు ఉంది. అక్కడి ఎస్.ఎన్. బోస్ జాతీయ మౌలిక శాస్త్రాల కేంద్రంలో 2024 సెప్టెంబర్ 26న పరమ్ రుద్ర సూపర్ కంప్యూటర్ ప్రారంభమైంది. పుణె, ఢిల్లీ, కోల్‌కతాల్లో ఒకేరోజు మొదలైన మూడింటికి కలిపి ఖర్చు సుమారు 130 కోట్ల రూపాయలు. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో 2022లో మొదలైన 1.66 పెటాఫ్లాప్స్ పరమ్ శక్తి ఉంది. మరోవైపు అణువుల కదలికలను లెక్కించే గ్రోమాక్స్ వంటి ప్రోగ్రాములు ఎక్కువ భాగం మామూలు ఖచ్చితత్వంతోనే నడిచేలా రాశారు, అవి గేముల కార్డుల మీదా చక్కగా నడుస్తాయి. సొంత ప్రోగ్రాము ఏ జాతిదో తెలుసుకోకుండా డబ్బు పెట్టడం సరైన పని కాదు.

మహలనోబిస్ పాఠం

రెండు వస్తువులను ఒకేసారి అనేక కొలతలతో పోల్చడం ఎలాగన్న ప్రశ్న కోల్‌కతాకు కొత్తది కాదు. ఇక్కడి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపకుడు పి.సి. మహలనోబిస్ 1936లో దానికి జవాబుగా ఒక దూరపు కొలమానాన్ని ప్రతిపాదించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి ఆ సంస్థలో దశాబ్దాలు పనిచేసిన సి.ఆర్. రావు ఈ తరహా విశ్లేషణను ఎంతో ముందుకు తీసుకెళ్లారు. ఆ పద్ధతిలోని మెళకువ ఏమిటంటే, ఒకదానితో ఒకటి ముడిపడిన కొలతలను విడివిడి సాక్ష్యాలుగా లెక్కించకూడదు.

గ్రాఫిక్స్ కార్డు పెట్టె మీద జరిగేది సరిగ్గా అదే. కోర్ల సంఖ్య, క్లాక్ వేగం, టెరాఫ్లాప్స్ అని మూడు వరుసలు రాస్తారు. మొదటి రెండిటి గుణకారమే మూడోది. దారి వెడల్పు, మెమరీ వేగం, బ్యాండ్‌విడ్త్ కూడా అంతే. ఒకే విషయాన్ని మూడుసార్లు చదివి మూడు గొప్పలున్నాయనుకుంటాడు కొనేవాడు. వాస్తవానికి చూడాల్సినవి నాలుగే: లెక్కల వేగం, బ్యాండ్‌విడ్త్, మెమరీ పరిమాణం, కరెంటు. వీటిలో దేనికి ఎంత బరువు ఇవ్వాలో చెప్పగలిగేది చేయబోయే పని ఒక్కటే.

ఆ సంస్థకే 1950ల మధ్యలో దేశపు మొదటి డిజిటల్ కంప్యూటర్ హెచ్‌ఈసీ-2ఎమ్ వచ్చింది. దానిలో మెమరీ తిరిగే డ్రమ్ము మీద ఉండేది. కావలసిన సంఖ్య తిరిగి వచ్చేదాకా యంత్రం ఆగాలి. డెబ్బై ఏళ్ల తర్వాత కూడా లెక్క చేయడం కంటే లెక్కకు కావలసింది తేవడమే కష్టంగా ఉంది.

ఏం మారాలి

పేరును నమ్మకూడదు. ఆర్‌టీఎక్స్ 3060 పేరుతోనే 2022 చివర్లో 8 గిగాబైట్ల రకం ఒకటి వచ్చింది. దాని దారి 128 బిట్లు, బ్యాండ్‌విడ్త్ 240 గిగాబైట్లు. మెమరీ, బ్యాండ్‌విడ్త్‌ల మీద వేసిన పై లెక్కలు దానికి వర్తించవు. పాత కార్డు సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఈ తేడాతో పాటు కార్డు చరిత్ర కూడా అడగాలి. 2022 సెప్టెంబర్‌లో ఈథీరియం తన పద్ధతి మార్చుకునేదాకా ఈ తరం కార్డులు క్రిప్టో తవ్వకాల్లో రాత్రింబవళ్లు నడిచాయి.

కొత్త తరం వస్తే సమస్య దానంతటదే తీరుతుందన్న వాదనలో సగం నిజం ఉంది. 2025 మేలో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5060లో బ్యాండ్‌విడ్త్ 448 గిగాబైట్లకు పెరిగింది. మెమరీ మాత్రం 8 గిగాబైట్ల దగ్గరే ఆగిపోయింది. దారి వెడల్పయింది, కొట్టుగది అంతే ఉంది.

కళాశాలలు, ప్రభుత్వ నిధులతో నడిచే ప్రయోగశాలలు టెండరు పత్రంలో "తాజా తరం కార్డు, ఇన్ని కోర్లు" అని రాస్తే చాలదు. కనీస మెమరీ ఎంత, కనీస బ్యాండ్‌విడ్త్ ఎంత, తాము ఇచ్చే ఫలానా ప్రోగ్రాము ఎన్ని నిమిషాల్లో పూర్తికావాలి, ఎన్ని వాట్లు మించకూడదు అని రాయాలి. కొన్న తర్వాత తమ ప్రోగ్రాము పేరు, సమస్య పరిమాణం, పట్టిన సమయం, అయిన కరెంటు, గది ఉష్ణోగ్రత కొలిచి అందరికీ అందుబాటులో పెట్టాలి. ప్రయోగ ఫలితాలు ప్రచురించడం అలవాటైన సంస్థలకు ఇది అదనపు భారం కాదు. ఒక ల్యాబ్ కొలిచి పెట్టిన పది వరుసల పట్టిక, తర్వాత కొనబోయే వంద మంది విద్యార్థుల నెల జీతాన్ని కాపాడుతుంది.